అధ్యక్షుడు లేని నగరము

మేయరు అధికారములని శీర్షిక పెట్టినచో మా సోదరీమణులలో పలువురు పుట త్రిప్పివేయుదురని మేమెఱుగుదుము. అది పురుషులు వరండాలో కూర్చుండి, పత్రిక చేతబట్టుకొని, కాఫీ చల్లారువఱకు వాదించుకొను విషయమని మేము సైతము చాలకాలము తలచితిమి. కుళాయిలో నీరు నిలిచిపోయిన మూడవనాడు గాని ఆ తలపు మాఱలేదు. ఖాళీబిందె చంకనిడుకొని ఎవరి గుమ్మమున నిలువవలెనో తెలియని యాడుదానికి అది వంటయింటి విషయమే యగును. కావున మా కొండయూరి కబుర్లకు బదులుగా ఈసారి ఆ ముచ్చట వ్రాయుచున్నాము.

మావారు రైలుశాఖలో చిన్నయుద్యోగి. 2014వ సంవత్సరమున వారికి బొర్రాలో పని. కొత్తవలస నుండి కిరండూలు పోవు రైలుదారిలో యాభైకి పైగా సొరంగములు కలవు. వానిలో కొన్నిటిని దాటిన పిమ్మట బొర్రా గుహల స్టేషను వచ్చును. గుహలు చూడవచ్చు యాత్రికులు ఒకపూట యుండి, బొంగులో కాల్చిన కోడికూర తిని, ఫొటోలు తీయించుకొని, చీకటిపడకమునుపే దిగిపోవుదురు. మేము మాత్రమచ్చటనే కాపురము. గుహల యడుగున గోస్తనీనది పాఱుచుండును. ఆ నదియే మైదానమునకు దిగి తాటిపూడి జలాశయమున నిలిచి, అందు కొంతభాగము గొట్టములగుండ విశాఖపట్టణపు కుళాయిలకు జేరును. తక్కినది భీమునిపట్టణమున సముద్రమున గలియును. విశాఖలో పాతనగరమునందొక సందులో మా యత్తగారును, ఆమెయొద్ద చదువుకొనుచు మా పెద్దమ్మాయియు నుండిరి. అమ్మాయి తొమ్మిదవ తరగతి. "నీవు బట్టలుతికిన నీళ్ళే మేమిచ్చట త్రాగుచున్నామే" అని మా యత్తగారు మాతో పరిహాసమాడెడివారు.

అక్టోబరు 12వ తేదీ ఆదివారము. వచ్చు తుపానునకు హుద్‌హుద్ అని పేరు. అది ఒమాన్ దేశమువారు సూచించిన పేరట. తలపై కిరీటమువంటి కుచ్చుగల యొక చక్కని పిట్టకు ఆ పేరున్నది. ఆ పిట్ట చేసిన పాపమేమో మాకిప్పటికిని తెలియదు. మధ్యాహ్నవేళ ఆ తుపాను సరిగా విశాఖనగరము మీదుగనే తీరము దాటెను. గాలివేగము గంటకు 180 కిలోమీటర్ల వఱకు పోయినదని తరువాత వింటిమి. నగరము నడుమ కొంతసేపు గాలి బొత్తిగా నిలిచిపోయినదట. గండము గడచినదని జనులు వీథులలోనికి వచ్చిరట. అంతలో అదే గాలి రెండవదిక్కు నుండి తిరిగి కొట్టినదట. ఇవన్నియు మా యమ్మాయి చెప్పగా విన్నమాటలు. ఆ సమయమున మా ఫోను మూగవోయి గంటలు దాటియుండెను.

సాయంకాలమునకు గాలి కొండలెక్కెను. కాఫీతోటలలో నీడకై పెంచిన సిల్వరోకు చెట్లు నిలువున విఱిగి క్రింది కాఫీమొక్కల మీద కూలుచుండెను. రాత్రియెల్ల ఆ ఫెళఫెళలే. తెల్లవాఱుసరికి దారి లేదు, దీపము లేదు, రైలు లేదు.

ఇచ్చట మేమొక స్త్రీని గూర్చి చెప్పవలెను. పేరు చెప్పము, ఆమెకిష్టముండదు. మా క్వార్టర్లకు దిగువనున్న గూడెమున కొండదొరల యాడుపడుచు ఆమె. 2013 జులైలో జరిగిన పంచాయతీ యెన్నికలలో వార్డుసభ్యురాలైనది. చదువు అంతంతమాత్రము. ఆ సోమవారము ప్రొద్దుననే ఆమె చీరకొంగున గుప్పెడు చింతగింజలు ముడివేసికొని బయలుదేఱినది. కప్పు లేచిపోయిన యింటికొక గింజ, గోడ కూలిన యింటికి రెండు గింజలు వేఱొక ముడిలోనికి మార్చుచు, పడిపోయిన చెట్ల మీదుగా ఎక్కుచు దిగుచు, మధ్యాహ్నమునకు గూడెమంతయు తిరిగివచ్చినది. మా క్వార్టరునకును వచ్చినది. "మీ కొంపలో ఎంతమంది? బియ్యమున్నాయా? దెబ్బలేమైనా తగిలాయా?" అని యడిగినది. మా యత్తగారి సంగతి, అమ్మాయి సంగతి చెప్పి మేము కన్నీరు పెట్టుకొనగా, ఏమియు ననక పోయి, ఒక గిన్నెతో చోడియంబలి తెచ్చి మా ముందు పెట్టినది.

ఆమెకు ఏ యధికారమున్నది? బియ్యపుమూట తెప్పించు నధికారము లేదు. దారి తెఱిపించు నధికారము లేదు. ఒక్క రూపాయి వ్యయముచేయు నధికారము లేదు. అయినను రెండవనాడు అధికారులు కాలినడకన గూడెము చేరునప్పటికి ఎవరికేమి పోయినదో లెక్క సిద్ధముగా నుండెను. ఆ లెక్క తప్పైనచో గూడెములోని ముసలిది కూడ ఆమెను చేయిపట్టి నిలిపి యడుగగలదు, అడుగును గూడ.

మంగళవారము మావారికి సెలవు దొరకలేదు. మేము మా తమ్ముని తోడు తీసికొని, కొంత నడకను, కొంత సరకుల బండిమీదను శృంగవరపుకోట చేరి, అచ్చటినుండి నగరమునకు బోతిమి. చీకటిపడుచుండెను. విశాఖను మేము గుర్తుపట్టలేకపోతిమి. చెట్టున నాకు లేదు. మిగిలిన యాకులు మంటలో మాడినట్లు నల్లబడియుండెను. కరెంటు స్తంభములు మోకాళ్ళపై కూర్చున్న మనుష్యులవలె వంగియుండెను. ఆనాడే ప్రధానమంత్రి వచ్చి వేయికోట్ల రూపాయల తక్షణసహాయము ప్రకటించి వెళ్ళిరి. ముఖ్యమంత్రి నగరముననే మకాముచేసి యుండిరి. ఇతర జిల్లాలనుండి, పొరుగు రాష్ట్రములనుండి కరెంటుపనివారు వచ్చి స్తంభములెక్కుచుండిరి. వారి కష్టము మేము కన్నులార చూచితిమి. కావున ఈ వ్యాసమున ముందుముందు మేమనబోవు మాటలను ఆ పనివారిపై గాని, నిద్రలేని యధికారులపై గాని నిందగా నెవ్వరును గ్రహింపవలదు.

యత్తగారును అమ్మాయియు క్షేమముగా నుండిరి. పెరటిగోడ మాత్రము పడినది. కాని మేము గడప దాటగానే మా దృష్టి వంటయింటి మూల నున్న యొక మట్టికుండపై పడినది. మా యత్తగారికి మధుమేహము. దినమునకు రెండుమారులు ఇన్సులిను సూది. ఫ్రిజ్జు ఆగిపోయి మూడుదినములు. ఆమె తమ పుట్టింట పాలు చెడకుండ దాచిన పద్ధతి జ్ఞాపకము తెచ్చుకొని, కుండలో తడియిసుక నింపి, నడుమ ముంత దింపి, ముంతలో మందుసీసాలుంచి, పైన తడిగుడ్డ కప్పిరి. ఆ యిసుక యెండకుండ పూటపూటకు నీరు పోయుచుండవలెను. ఇంట నున్నది రెండు బిందెల నీరు. కుండకు పోసిన ప్రతిగ్లాసు త్రాగుటకు తగ్గిన గ్లాసే. మా యమ్మాయి తన వంతు నీరు సగమే త్రాగి, తక్కిన సగము నాయనమ్మ చూడకుండ కుండలో పోయుచున్నదని మాకారాత్రి తెలిసినది. పెదవులు పగిలియుండుట జూచి యడుగగా చెప్పినది.

మఱునాడు ప్రొద్దున సందులోని యాడువారందఱు బిందెలతో బయలుదేఱిరి. ఎచ్చటికని యడుగగా, "కార్పొరేటరమ్మగారింటికి" అనిరి. ఆమె రెండు వీథులవతల నుండును. మేమును వెంబడించితిమి.

ఆమె గుమ్మమున నిలిచి మమ్మందఱను జూచి, కొంచెముసేపు మాటాడలేదు. తరువాత ననినది: "అమ్మా, మీకు తెలియనిది కాదు. మా కౌన్సిలు గడువు 2012 ఫిబ్రవరితో తీఱిపోయింది. మళ్ళీ ఎన్నికలు పెట్టలేదు. ఇప్పుడు నేను కార్పొరేటర్ని కాను. నా సంతకానికి విలువ లేదు."

మా యత్తగారు బిందె క్రింద బెట్టి, "సంతకము మాకెందుకమ్మా, కొరుక్కు తినడానికా? ఆఫీసుకు దారి నీకు తెలుసునా, తెలియదా?" అనిరి.

ఆమె నవ్వినది. లోనికి పోయి చెప్పులు తొడుగుకొని వచ్చినది. మా యమ్మాయి లెక్కలపుస్తకము చివరిపుటలలో మా సందు జాబితా వ్రాయబడినది. నలువదిమూడు గడపలు. పసిబిడ్డలున్న యిండ్లకొక చుక్క, నెలలు నిండినవారికి రెండు చుక్కలు, మంచమున నున్నవారికి గీత. మా యింటికెదురుగా మా యమ్మాయి "మందు కుండ" అని వ్రాసినది. అదేమని యందఱకును విడమఱచి చెప్పవలసివచ్చినది.

సహాయకార్యక్రమములు చూచుచున్న యొక యధికారి యొద్దకు అయిదుగురము పోతిమి. ఆయన వేఱొక జిల్లానుండి ఆ పనికై వచ్చినవాడు. కన్నులెఱ్ఱబడియుండెను, చొక్కా మార్చి రెండుదినములైనట్లుండెను. మర్యాదగనే "మీరెవరమ్మా?" అని యడిగెను. కార్పొరేటరమ్మ నోరు తెఱచి, "నేను ఇదివరకు..." అని యాగి, మఱల "ఈ వీథిదాన్నండి" అనినది. ఆ రెండుమాటల నడుమ ఆమె మొగమున గదలినది మేమిప్పటికిని మఱువలేదు. ఆయన జాబితా చదివెను, పటము చూచెను. పటమున మా సందు వెడల్పుగనే కనబడుచుండెను. పాతకాలపు గోడ యొకటి అడ్డమని, నీళ్ళబండి లోనికి తిరుగలేదని, కోవెల మొగదలనే నిలుపవలెనని ఆమె వేలుపెట్టి చూపినది. ఆయన పెన్సిలుతో గుర్తుపెట్టుకొనెను. సాయంకాలమునకు బండి వచ్చినది. కోవెల మొగదలనే నిలిచినది.

ఇంతటితో కథ ముగిసినచో మంచి కథయే. కాని మా వెనుక సందొకటి కలదు. దాని పేరు మా జాబితాలో లేదు. ఆ సందున బండి మఱి రెండుదినములకు గాని రాలేదు. ఆ నడుమ ఒకనాటి మధ్యాహ్నము, పదునైదు దినముల బిడ్డను ఎత్తుకొని యొక బాలింత మా గుమ్మమునకు వచ్చి చెంబెడు నీళ్ళడిగినది. ఇచ్చితిమి. ఇచ్చినది ఘనకార్యము కాదు. ఆమె వెళ్ళిన పిమ్మట మా యత్తగారు, "ఆ సందువాళ్ళ పేర్లు ఎందుకు రాయలేదే?" అని యమ్మాయిని అడిగిరి. "వాళ్ళు రాలేదుగా నాయనమ్మా" అని యమ్మాయి. వారెచ్చటికి వత్తురు? మాకు నీరు దొరకినది హక్కువలన గాదు, రెండు వీథులవతల నొక మంచియామె యుండుటవలన. ఆ సందువారికి అట్టియామె లేకపోయినది.

పదునేడు లక్షలకు పైబడిన జనాభా గల నగరమది. 2011 జనాభాలెక్కల మాట యిది. దానికి మేయరు లేడు, కార్పొరేటరు లేడు. కొండమీద పదిగుడిసెల గూడెమునకు వార్డుసభ్యురాలున్నది. ఈ విచిత్రము మా మనస్సున దిగబడి, తరువాత దీపావళికి మా యింటికి వచ్చిన పినతండ్రిగారిని పట్టుకొంటిమి. ఆయన వకీలు. ఆ దీపావళికి విశాఖలో టపాకాయల సందడి లేదు. వీథుల నిండ ఎండిన కొమ్మలు గుట్టలుగా పడియుండగా నిప్పునకు వెఱచిరి. కావున ఆయనకును తీఱిక చిక్కినది.

ఆయన చెప్పిన దానికి మేము తరువాత చదివి తెలిసికొన్నది చేర్చి వ్రాయుచున్నాము. మన దేశమున మేయరను మాట పాతది. చెన్నపట్టణమునకు 1688లోనే మేయరుండెను. కాని ఆ పేరు వినగానే మనము తలచు రాజఠీవి వేఱు, చట్టమున నున్నది వేఱు. బొంబాయినగరమునకు 1888లో చేసిన చట్టము ఒక పద్ధతి పెట్టినది: కౌన్సిలు తీర్మానించును, కమిషనరు జరిపించును. కమిషనరు ప్రభుత్వము పంపిన యధికారి. 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టము ఆ త్రోవనే నడచినది; 1979లో విశాఖకు కార్పొరేషను ఏర్పడినప్పుడు ఆ చట్టమే దీనికిని వర్తించినది. కావున మేయరు సభకు అధ్యక్షుడు. సభను పిలుచును, నడుపును, ప్రశ్నించును. కాని బండి కదలవలెనన్న, చెట్టు నఱకవలెనన్న, ఉత్తరువు కమిషనరుదే. 1962లో హైదరాబాదునకు మేయరైన రాణీ కుముదినీదేవిగారు మొదలు, నగరాధ్యక్షస్థానమున గూర్చున్న మన యాడువారందఱును ఈ కట్టుబాటులోనే పనిచేసిరి.

ఉపద్రవము వచ్చినప్పుడో? ఆ బొంబాయి పద్ధతిలోనే అందుకొక యేర్పాటున్నది. హఠాత్తుగా ప్రాణాపాయము గాని ఆస్తినష్టము గాని సంభవించునప్పుడు కమిషనరు ఎవరి యనుమతికిని కాచుకొనక తగిన పని చేయవచ్చును. చేసి, తాను చేసినదేమో, ఎందుకు చేసెనో, ఎంత వ్యయమైనదో వెంటనే స్టాండింగు కమిటీకిని కౌన్సిలునకును నివేదింపవలెను. మా పినతండ్రిగారు ఈ రెండవభాగము చదువునప్పుడు కంటియద్దము సవరించుకొని, "ఇదమ్మా అసలు సంగతి" అనిరి. ఇల్లు కాలుచుండగా నూతిలోనికి బిందె దింపుటకు ఇంటిపెద్ద యనుమతి యక్కఱలేదు. మంట చల్లారిన పిమ్మట, ఏ గదిపై ముందు నీళ్ళు పోసితివి, ఏ గది వదలితివి యని యడుగువారుండవలెను. ఆ యడుగువారికి అధ్యక్షుడే మేయరు. 2014లో విశాఖలో కౌన్సిలు లేదు, కమిటీ లేదు; వాని యధికారములును ప్రత్యేకాధికారి చేతనే యుండెను. ఒక యధికారి నివేదిక మఱియొక యధికారి బల్లకు చేరును. మా వెనుకసందు సంగతి ఆ బల్లపై నెవరు పెట్టుదురు?

2005లో దేశమంతటికి వచ్చిన విపత్తు నిర్వహణ చట్టము జిల్లాలో కలెక్టరును అధ్యక్షునిగా జేసినది. జిల్లాపరిషత్తు అధ్యక్షునికి సహాధ్యక్షస్థానమిచ్చినది. మేయరు నట్లు చెప్పలేదు. 2025లో ఆ చట్టమును సవరించి, కార్పొరేషన్లుగల నగరములకు వేఱుగ నొక విపత్తు నిర్వహణ సంస్థను నెలకొల్పవచ్చుననిరి. దానికి అధ్యక్షుడెవరు? మునిసిపల్ కమిషనరు. ఉపాధ్యక్షుడు కలెక్టరు. మేయరు ఈసారియు వాకిటనే నిలిచిపోయెను.

అన్నిదేశములలో నిట్లు లేదు. న్యూయార్కు మేయరు తన నగరమున అత్యవసరపరిస్థితిని తానే ప్రకటింపవచ్చును, జనులు రాత్రివేళ వీథుల తిరుగరాదని శాసింపవచ్చును. జపానులో 1961 నాటి చట్టము ప్రకారము, ఇండ్లు విడిచి పొండని జనులకు చెప్పవలసిన భారము ఆ యా యూరి మేయరుదే. 2011 మార్చి 11న సముద్రము పొంగివచ్చినప్పుడు మినమిసన్రికు అను పట్టణపు మేయరు తన యుద్యోగులతో విపత్తు కార్యాలయపు మేడపైననే యుండెను. నీరు ఆ మేడను ముంచినది. పైకప్పుననున్న స్తంభమును కమ్మీలను పట్టుకొని మిగిలిన కొద్దిమందిలో నాయన యొకడు. ఎత్తునకు పాఱిపొండని చివరివఱకు లౌడుస్పీకరులో పిలుచుచుండిన యిరువదినాలుగేండ్ల యుద్యోగిని మాత్రము తిరిగి రాలేదు. ఆమె గొంతు విని బ్రదికినవారు ఎందఱో. ఈ సంగతి మా యమ్మాయి చదివి వినిపించినపుడు మా యత్తగారు చాలసేపు జపమాల త్రిప్పుచు నుండిపోయిరి.

మావారికి మాత్రము మా వాదమంతయు నచ్చదు. ఆయన రైలుమనిషి. "గుఱ్ఱపునాడా వంటి మలుపులో బండి పోవునప్పుడు బ్రేకు పట్టుకొనువాడొక్కడే యుండవలెను, పదిమంది చేతులు పెట్టినచో లోయలో పడుదుము. హుద్‌హుద్‌నాడు ముఖ్యమంత్రియే వచ్చి కూర్చుండగా మీ మేయరెందుకు?" అందురు. ఆ మాట మేము త్రోసివేయలేము. మేయరున్నచో చెట్లు త్వరగా తొలగునని గాని, కరెంటు ముందుగా వచ్చునని గాని మేము ప్రమాణము చేయలేము. వచ్చియుండకపోవచ్చును గూడ. తన వార్డునకే బండ్లన్నియు మలపుకొను కార్పొరేటర్లను గూర్చి మేమును వినియున్నాము.

కాని ఒక్కని చేతనే సమస్తమునుండు నేర్పాటు ఎట్టిదో మా కొండలకు తెలిసినంతగా మైదానమునకు తెలియదు. 1839 నాటి చట్టముతో గంజాము విశాఖపట్టణముల కొండప్రాంతములను సామాన్యశాసనములనుండి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా జేసి, ఆయన చేత బెట్టిరి. అప్పటినుండియే దీనికి ఏజెన్సీ యని పేరు. తీర్పరి యాయనే, పాలకుడాయనే. మంచి ఏజెంటు వచ్చినచో మంచి. కానిచో ఎవరితో చెప్పుకొందురు? ఆ యలవాటు సడలుటకు నూటయేబదియేండ్లు పట్టినది. ఏజెన్సీగ్రామములలో గ్రామసభకు మాట యుండవలెనని 1996లో చట్టము వచ్చినది. ఈ బొర్రా ప్రాంతపు ఖనిజపుకౌళ్ళ విషయమై సమత యను సంస్థ నడపిన వ్యాజ్యమున, షెడ్యూలు ప్రాంతములలోని ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పినది. చింతగింజల ముడితో తిరిగిన మా వార్డుసభ్యురాలి వెనుక ఇంత చరిత్ర కలదు. ఆమె కొండదిగి విశాఖకు వచ్చి చూచినచో, "ఇంత యూరికి అడిగేవాళ్ళు లేరా?" అని నోరు తెఱచును.

హుద్‌హుద్ పోయినది. మేయరు మాత్రము రాలేదు. రాజ్యాంగమున 1992 నాటి సవరణ, కార్పొరేషను గడువు అయిదేండ్లనియు, అది తీఱకమునుపే ఎన్నిక జరుగవలెననియు చెప్పుచున్నది. విశాఖలో 2012లో ఖాళీయైన కుర్చీ తొమ్మిదేండ్లు ఖాళీగనే యుండెను. ఆ నడుమ 2020 మే 7న తెల్లవాఱుజామున, గోపాలపట్టణము నొద్ద వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను విషవాయువు వెలువడినది. నిద్రలోనుండి లేచి పిల్లలను భుజముల వేసికొని పరుగెత్తిన తల్లులు దారిలోనే సొమ్మసిల్లి పడిపోయిరి. పండ్రెండుగురు మరణించిరి. అప్పటికిని కౌన్సిలు లేదు. ఆ మార్చిలో జరుగవలసిన యెన్నికలు కరోనావలన నిలిచిపోయినవి. నగరము రెండు మహోపద్రవములను అధ్యక్షుడు లేకయే దాటినది.

2021 మార్చి 10న ఎన్నికలు జరిగినవి. 98 వార్డులు. 18వ తేదీన గొలగాని హరివెంకటకుమారిగారు మేయరుగా నెన్నికైరి. ఆడుమనిషి మేయరైనదని మేము సంతోషించితిమి గాని, ఆ వార్త కంటె మాకు జ్ఞాపకమున్నది అంతకు పదిదినముల ముందటి సంగతి.

మేము పండుగవలె ఓటునకై బొర్రానుండి దిగివచ్చి యుంటిమి. అమ్మాయి డిగ్రీ చదువుచున్నది. యత్తగారి చూపు మందగించినది. మందు మాత్రము ఫ్రిజ్జులోనే యున్నది, కుండను పెరటిలో తులసిమొక్కకు వాడుచున్నారు. ఓట్లడుగుటకు అభ్యర్థియొకడు నలుగురిని వెంటబెట్టుకొని మా సందునకు వచ్చెను. చిన్నవాడు. మా యత్తగారి పాదములకు నమస్కరించి, "నాయనమ్మా, మీ ఓటు నాకే" అనెను.

"వేస్తాలే గాని నాయనా, రాత్రివేళ నీళ్ళు ఆగిపోతే నీ తలుపు కొట్టవచ్చునా?" అని ఆమె యడిగిరి.

"తప్పకుండా కొట్టండి నాయనమ్మా."

"వెనకసందువాళ్ళు కొడితే?"

అతడు వెనుకకు తిరిగి తనవారిని జూచెను. ఆ సందు తన వార్డులోనిదో, ప్రక్కవార్డులోనిదో వారిలో నొకడు చెవిలో చెప్పవలసివచ్చినది. తరువాత, "వాళ్ళూ కొట్టవచ్చు" అనెను.

"మీ ఇల్లెక్కడ?"

అతడు వీథిపేరు, ఇంటి ఆనవాలు చెప్పెను. మా యత్తగారు అమ్మాయిని పిలిచి ఆ పాత లెక్కలపుస్తకము తెమ్మనిరి. జాబితా వ్రాసిన పుట వెలిసిపోయినను చదువవచ్చుచుండెను. నలువదిమూడవ గడప క్రింద కొంత చోటు మిగిలియున్నది. అమ్మాయి అతనిచేత మఱల చెప్పించుకొని, అచ్చట ఆ చిరునామా వ్రాసికొన్నది.